టేపు విప్పాల్సిన రోజు

"ఇవాళ ఏ రోజో చెప్పమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఇరవై," అంది అమ్మ, మాస్కు లోపలినుంచి.

"అంకె కాదమ్మా. వారం. సోమవారమా, మంగళవారమా?"

"ఇరవై అని చెప్పానుగా."

డాక్టరు కాగితం మీద ఒక గడిలో ఇంటూ పెట్టాడు. ఆ రోజు తేదీ ఏడు. ఎటునుంచి చూసినా ఇరవైకి సంబంధం లేదు.

"సరే. ఇప్పుడు పొద్దున్నా, సాయంత్రమా?"

అమ్మ పైకి చూసింది. పైన నాలుగు ట్యూబులైట్లు. వచ్చిన రోజునుంచీ అవి ఆరింది లేదు. చుట్టూ నాలుగు గోడలు, ఒక గోడకి తలుపు. కిటికీ అన్నదే లేదు.

"పొద్దు కనపడని చోట పడుకోబెట్టి పొద్దెంతయ్యిందని అడుగుతావేంటి బాబూ? నీకు మాత్రం తెలుసా?"

డాక్టరు చేయి తనకు తెలియకుండానే గడియారం వైపు కదిలి ఆగింది. రెండో గడిలో కూడా ఇంటూ పెట్టాడు.

మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ కూతురు ఆ రెండో ఇంటూ కూడా చూసింది. ఆమెను ఇంట్లో అందరూ డిగ్రీ అంటారు. పిలవడం మొదలుపెట్టింది అమ్మే. వాళ్ల రెండు వంశాల్లోనూ కాలేజీ మెట్లెక్కి పట్టా తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. ఆ రోజునుంచి "ఏమే డిగ్రీ, ఇలా రా", "డిగ్రీ, పాలు పొంగుతున్నాయి చూడు", ఇదే వరస. ఇప్పుడు మందుల గోదాములో బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు సరిచూసే ఉద్యోగం. ఏ డబ్బా ఎంత చలిలో ఉంచాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఐదు రోజులుగా మాత్రం ఆ చదువంతా ఏ గంగలో కలిసిందో తెలియడం లేదు.

అమ్మకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఐసీయూలో పెట్టారు. నెమ్ము తగ్గుదారి పట్టిందన్నారు. దారి తప్పింది అమ్మ తల. మూడో రోజునుంచి ఎవరితోనో మాట్లాడుతోంది. మణికట్టు దగ్గర సూది కదలకుండా వేసిన తెల్ల టేపును గోళ్లతో గిల్లి గిల్లి ఊడబెరికింది. మళ్లీ వేశారు. మళ్లీ ఊడబెరికింది. చేయంతా రక్తం. నిన్న సాయంత్రం ఐదు గంటలకు పెద్ద సిస్టర్ ఒక కాగితం తెచ్చింది.

"చేతులు మంచానికి కట్టాలమ్మా. ఇంటివాళ్ల సంతకం కావాలి. ఒక్క రోజుకే. రేపు ఐదింటికి మళ్లీ చూస్తాం."

డిగ్రీ సంతకం పెట్టింది. ఆమె సంతకం అందంగా ఉంటుంది. అమ్మే నేర్చుకోమని వెంటపడింది. తనకి అంకెలు తప్ప అక్షరాలు రావు కాబట్టి, కూతురి సంతకం కాగితం మీద పువ్వులా ఉండాలంది. ఆ పువ్వు అలా పూసిన ఐదు నిమిషాలకి అమ్మ రెండు చేతులకీ మెత్తటి గుడ్డ పట్టీలు పడ్డాయి.

అప్పటినుంచి అమ్మ ఒకటే పాట. ఇప్పుడూ మొదలుపెట్టింది.

"ఒసే డిగ్రీ, కట్టు విప్పవే. చచ్చిపోతుందే. రోజులు దాటిపోతున్నాయి, చచ్చిపోతుంది, విప్పవే."

తనని తానే ఎవరో పరాయి మనిషిలా 'చచ్చిపోతుంది' అనుకుంటోంది అమ్మ. ఇంతకన్నా తల చెదరడం ఇంకేముంటుంది?

మాట్లాడుతూనే అమ్మ గడ్డాన్ని భుజానికేసి రాసింది. మాస్కు పక్కకి జరిగింది. మంచం పక్కన తెర మీద ఆక్సిజన్ అంకె తొంభై రెండునుంచి ఎనభై తొమ్మిదికి పడింది. ఏదో కుయ్‌మంది. సిస్టర్ పరుగున వచ్చి మాస్కు సర్దింది.

"చూశారుగా," అన్నాడు డాక్టరు డిగ్రీని పక్కకి పిలిచి. చిన్నవాడే, కళ్ల కింద నల్లటి చారలు, మంచి మనిషిలాగే ఉన్నాడు. "మాస్కు నిలిస్తే ఊపిరి దానంతటదే తేరుకుంటుంది. ఇలా లాగేస్తుంటే ఇవాళ సాయంత్రం మత్తు ఇచ్చి గొంతులోకి ట్యూబు వేయక తప్పదు. ఈ వయసులో వేయడం తేలికే. ఎప్పుడు తీయగలమో చెప్పలేం."

ఆ మత్తుమందు పేరు చెప్పాడు. దాని డబ్బా రంగు, అట్టపెట్టెకి ఎన్ని సీసాలో డిగ్రీకి తెలుసు. వారానికి మూడుసార్లు లెక్క చూసే మందు.

బయటికి వస్తుంటే పెద్ద సిస్టర్ అడిగింది. "మీ అమ్మకి కళ్లజోడు అలవాటా?"

"అవును, దగ్గర చూపుకి. పని చేసేచోటే ఉండిపోయింది."

"తెచ్చి పెట్టండి. కళ్లజోడు లేక, వినికిడి మిషను లేక సగం మందికి ఇక్కడ తికమక. నాలుగింటి లోపల తెస్తే మంచిది."

వరండాలో మామయ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అమ్మకి తమ్ముడు. సరుకుల వ్యాను నడుపుతాడు. భయమేస్తే జోకులు వేయడం ఆయనకున్న జబ్బు.

"ఏమందే మా అక్క? నన్ను తిట్టిందా? తిడితే బాగున్నట్టే లెక్క."

"ఎవరినీ తిట్టలేదు మామయ్యా. ఇరవై అంటోంది. చచ్చిపోతుంది అంటోంది."

మామయ్య మొహంలో జోకు ఆరిపోయింది. తాళాలు తీసి, "పద, కళ్లజోడు తెద్దాం," అన్నాడు.

అమ్మ పని చేసేది మొక్కల నర్సరీలో. ముప్ఫై ఏళ్లుగా గులాబీలకి అంటు కట్టడం ఆవిడ పని. అడవి గులాబీ కాండానికి చిన్న గాటు పెట్టి, మంచి జాతి గులాబీ మొగ్గని అందులో కూర్చి, టేపు చుడుతుంది. రోజుకి రెండు వందల అంట్లు కట్టగలదు. చేతిలో ఎప్పుడూ బ్లేడు ఉంటుంది కాబట్టి అక్కడ ఆవిడ పేరు బ్లేడక్క.

షెడ్డులో అడుగు పెట్టగానే తడిమట్టి వాసన ముఖానికి కొట్టింది. ఐదు రోజులుగా స్పిరిటు వాసన తప్ప తెలియని ముక్కుకి అది నీళ్లు తాగినట్టుంది. పైన పరిచిన ఆకుపచ్చ వలలోంచి ఎండ చిల్లులు చిల్లులుగా పడుతోంది. డిగ్రీ తనకు తెలియకుండానే గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. ఐదు రోజుల్లో మొదటిసారి భుజాలు కిందికి దిగాయి. దిగిన మరుక్షణం తప్పు చేసినట్టనిపించి మళ్లీ బిగుసుకున్నాయి.

అమ్మతో ఒకే బల్ల దగ్గర పనిచేసే పిన్ని ఎదురొచ్చింది. వరస కాకపోయినా చిన్నప్పటినుంచి డిగ్రీ పిన్ని అనే పిలుస్తుంది.

"ఏమ్మా, బ్లేడక్క ఎప్పుడొస్తుంది? ఆవిడ లేక ఇక్కడ మమ్మల్ని తిట్టే దిక్కు లేదు."

"కళ్లజోడు కోసం వచ్చాను పిన్నీ."

"అదిగో, మేకుకి తగిలించి ఉంది. ఒక మాట చెప్పు, ఆవిడ కట్టిన వరస ఇవాళ నేను విప్పెయ్యనా? ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోదని ఆగాను. నిన్నటికే ఇరవై రోజులు."

డిగ్రీ చేయి కళ్లజోడు మీద అలాగే ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"టేపులమ్మా. ఇరవై రోజులకి విప్పాలి. అప్పటికి లోపల మొగ్గ అతుక్కుని ఉంటుంది. కాండం లావెక్కుతుంది, టేపు లావెక్కదు కదా. విప్పకపోతే లోపలికి కోసుకుపోయి, నీరు పైకెక్కక చచ్చిపోతుంది." పిన్ని ఒక కుండీ ఎత్తి చూపించింది. జానెడు కాండం, మధ్యలో తెల్లటి టేపు చుట్టు. మెడలో అట్టముక్క, దాని మీద అమ్మ రాత. అక్షరాలేవీ లేవు, కట్టిన తేదీ అంకెలు మాత్రమే.

డిగ్రీ వేళ్ల మీద లెక్కపెట్టింది. నమ్మకం కలగక మళ్లీ లెక్కపెట్టింది. ఇవాళ్టికి ఇరవై ఒకటి. ఇవాళ పొద్దున అమ్మ ఇరవై అంది. నిన్న? నిన్న డాక్టరు అడిగినప్పుడు పందొమ్మిది అంది. ఇంటూ పెట్టారు.

"మామయ్యా," అంది. "అమ్మ రోజులు లెక్కపెడుతోంది."

"ఏంటీ?"

"వారాలు చెప్పడం ఆవిడకి ఎప్పుడలవాటు? ఇంట్లో కూడా 'కట్టి ఎన్నో రోజు' అంటుంది గానీ వారం పేరెత్తదు. ఒక్క రోజే తేడా. కిటికీ లేని గదిలో పడుకుని ఒక్క రోజే తప్పింది! చచ్చిపోతుంది అన్నది తన గురించి కాదు. మణికట్టు మీద తెల్ల టేపు చూసి అంటు అనుకుంటోంది. విప్పకపోతే చచ్చిపోతుందని దాన్ని గిల్లుతోంది. పని చేస్తోంది మామయ్యా, అక్కడ పడుకుని పని చేస్తోంది. నేను చేతులు కట్టించాను."

మామయ్య ఏదో అనబోయి, ముక్కు తుడుచుకుని, "మా అక్క సెలవు పెట్టదని నీకు ముందే తెలియదా," అన్నాడు.

కళ్లజోడుతో పాటు ఆ వరసలోంచి ఒక కుండీ కూడా పట్టుకుని బయల్దేరారు. దారంతా డిగ్రీ కుండీని ఒళ్లో పెట్టుకుని గడియారం చూస్తూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఆ మందు పెట్టె రంగు కళ్లముందు కదిలింది. ఒకవేళ ముందే ఇచ్చేస్తే? ఫోను మోగితే అదే కబురేమో? ఫోను మోగలేదు. మోగకపోవడం కూడా భయంగానే ఉంది.

ఐసీయూ తలుపు దగ్గర పెద్ద సిస్టర్ కళ్లజోడు తీసుకుంది. కుండీ చూసి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఇదేంటి? మట్టి లోపలికి రాదు. అందరూ ఊపిరితిత్తుల జబ్బులవాళ్లు. చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాలా?"

"మట్టి లోపలికి రావద్దు సిస్టర్. అమ్మని బయటికి పంపండి."

సిస్టర్ ఆమెని ఎగాదిగా చూసింది. "నీకూ తికమక మొదలైందా?"

అంతలో డాక్టరు వచ్చాడు. డిగ్రీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పందొమ్మిది, ఇరవై, అట్టముక్క మీది తేదీ, టేపు, అంతా. చెబుతుంటే తనకే అది పిచ్చి వాదనలా వినిపించింది. చివర్న కుండీ ఎత్తి చూపించింది. డాక్టరు టేపు చుట్టిన కాండాన్ని కొంచెంసేపు చూశాడు.

"బాగుంది. నమ్ముతాను. కానీ లెక్క సరైనంత మాత్రాన మాస్కు నిలవదు కదమ్మా. ఇప్పటికి నాలుగుసార్లు జరిపింది."

"వెలుతురు చూడక ఐదు రోజులైంది సార్. ముప్ఫై ఏళ్లు ఎండలో, మొక్కల్లో బతికిన మనిషి. మత్తు సాయంత్రం ఇస్తానన్నారు. ఈలోగా ఒక్క అరగంట. ఆ తర్వాత కూడా ఇలాగే ఉంటే నేనే సంతకం పెడతాను."

ఆ చివరి మాట ఎందుకన్నానా అని అన్న వెంటనే అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

డాక్టరు సిస్టర్ వైపు చూశాడు. సిస్టర్ పైకప్పు వైపు చూసింది. "నా సర్వీసులో ఇలా ఇద్దరిని బయటికి తీసుకెళ్లాను. ఇద్దరిలో ఎవరూ చావలేదు," అంది.

"పావుగంట," అన్నాడు డాక్టరు. "చిన్న సిలిండరు, వేలికి క్లిప్పు, పక్కన సిస్టర్. అంకె తొంభై కిందికి పోతే ఎక్కడున్నా వెనక్కి."

మంచం కదిలింది. పట్టీలు విప్పారు. మామయ్య, డిగ్రీ చెరో పక్క. కారిడారులో అంకె తొంభై రెండు. లిఫ్టులో తొంభై ఒకటి. లిఫ్టు మధ్యలో కుదుపు ఇచ్చి తొంభై. అమ్మ కళ్లు బెదురుగా అటూ ఇటూ తిరిగాయి, చేయి మాస్కు మీదికి పోయింది. డిగ్రీ ఆ చేయి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంటే మళ్లీ కట్టినట్టవుతుందని కొంచెం వదిలింది. వదిలితే లాగేస్తుందేమోనని మళ్లీ పట్టుకుంది.

"తొంభై," అంది సిస్టర్. "ఇంకొక్క అంకె తగ్గితే..."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి.

అది ఆసుపత్రి వెనక పెరడు. తోట అనడానికి లేదు. ఒక పక్క తీగల మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు, ఇంకో పక్క ఖాళీ డ్రమ్ములు. మధ్యలో కాస్త గడ్డి, గోడ పక్కన ఎవరూ పట్టించుకోకపోయినా గుబురుగా పెరిగిన ఒక చెట్టు. దాని నీడలోకి మంచం తోశారు. గాలికి ఆకులు కదిలి, అమ్మ ముఖం మీద ఎండ ముక్కలు అటూ ఇటూ జరిగాయి.

అమ్మ కళ్లు మూసుకుంది. డిగ్రీ ముందుకి వంగింది.

"అమ్మా?"

డిగ్రీ అమ్మని చూడలేక క్లిప్పు మీది అంకెని చూసింది. తొంభై. తొంభై. తొంభై ఒకటి. అమ్మ కళ్లు మూసుకునే తల ఎండ వైపు తిప్పింది. మాస్కు అలాగే ఉంది.

"నీళ్లు ఎక్కువయ్యాయి ఇక్కడ," అంది మెల్లగా.

"ఏంటమ్మా?"

"మట్టి వాసన పుల్లగా వస్తోంది. పంపు కారుతోందేమో. వేళ్లు కుళ్లిపోతాయి, చెప్పు వాళ్లకి." కళ్లు తెరిచింది. కూతురి ముఖం చూసింది, తమ్ముడి ముఖం చూసింది. "నువ్వెందుకు వచ్చావురా? బండి ఎవరికి అప్పజెప్పావు?"

మామయ్య వెనక్కి తిరిగి దుప్పట్ల వైపు నడిచాడు. ఏదో పనున్నట్టు ఒక దుప్పటి అంచు సర్దాడు. దాంతోనే ముఖం తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, అది ఆసుపత్రి దుప్పటి," అంది సిస్టర్.

డిగ్రీ అమ్మకి కళ్లజోడు పెట్టి, కుండీని మంచం అంచున పట్టుకుంది. అమ్మ అట్టముక్క చదివింది. పెదవులు కదిలాయి.

"రోజు దాటింది," అంది.

"అవునమ్మా. ఇవాళ ఇరవై ఒకటి. నీకు ఒక్కటే తప్పింది."

"మొదటి రోజు జ్వరంలో తెలియలేదు. ఆ తర్వాత దుప్పటి మార్చినప్పుడల్లా ఒకటి వేసుకున్నాను. బ్లేడివ్వు."

"బ్లేడు కుదరదు," అంది సిస్టర్. "ఈ గ్లోవ్స్ వేసుకుని చేత్తో విప్పుకో తల్లీ."

"గ్లోవ్స్‌తో విప్పితే మొగ్గ తెలుస్తుందా? నువ్వు సూది గుచ్చేటప్పుడు నరం వేలితో తడిమి చూడవూ?"

సిస్టర్ గ్లోవ్స్ జేబులో పెట్టుకుంది. "అయ్యాక స్పిరిటుతో నేనే కడుగుతాను. మట్టి మాత్రం ముట్టుకోకు."

అమ్మ వేళ్లు వణుకుతున్నాయి. అయినా టేపు కొస ఎక్కడుందో వాటికి తెలుసు. గోటితో కొస లేపి, కాండాన్ని కదిలించకుండా, చుట్టు తర్వాత చుట్టు విప్పింది. టేపు కింద ముదురు కాండంలో పచ్చగా అతుక్కున్న చిన్న మొగ్గ. దాని మీద బొటనవేలు ఆనించి, పసిబిడ్డ నుదురు చూసినట్టు చూసింది.

"బతికింది," అంది.

క్లిప్పు మీద తొంభై మూడు. డాక్టరు ఎప్పుడొచ్చాడో, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఇప్పుడు టైమెంత?"

అమ్మ డ్రమ్ముల నీడ వైపు చూసింది. "మూడున్నర దాటింది. నాలుగు కాలేదు. నువ్వు ఇంకా అన్నం తినలేదు, అది కూడా తెలుస్తోంది."

డాక్టరు కాగితం తీయలేదు.

పావుగంట అరగంట అయ్యింది. వెనక్కి వెళుతుంటే లిఫ్టులో మళ్లీ తొంభై ఒకటికి పడింది. ఐసీయూలో ట్యూబులైట్ల కిందికి రాగానే అమ్మ కళ్లల్లో బెదురు మళ్లీ లేచింది. "ఎక్కడికి తెచ్చారే?" అంది ఒకసారి. డిగ్రీకి పెరట్లో వచ్చిన ధైర్యమంతా ఆవిరైపోయింది. గాలి, వెలుతురు మంత్రమేమీ కాదు. లోపల జబ్బు జబ్బుగానే ఉంది. మత్తు ఈ పూటకి ఆపాను అన్నాడు డాక్టరు. రేపు కూడా బయటికి పంపమని రాస్తానన్నాడు. రేపటి మాట సరే, ఈ రాత్రి?

ఐదయ్యింది. పెద్ద సిస్టర్ కాగితం తెచ్చింది. నిన్నటి కాగితంలాంటిదే.

"నేను చెప్పను. నీ ఇష్టం. కడితే సంతకం పెట్టు. కట్టకపోతే ఎవరైనా పక్కన కూర్చోవాలి. సూది మళ్లీ పీకితే ఈసారి నరం దొరకడం కష్టం."

మంచం పక్కన గుడ్డ పట్టీలు రెండూ వేలాడుతున్నాయి. డిగ్రీ పెన్ను పట్టుకుంది. కట్టకపోతే, తను కునుకు తీసిన ఒక్క నిమిషంలో అమ్మ సూది పీకేస్తే? ఆ రక్తం తన చేతికే కదా?

అప్పుడే అమ్మ కుడిచేయి కదిలింది. మెల్లగా, నిన్నటిలాగే, ఎడమ మణికట్టు మీదికి వచ్చింది. గోరు టేపు కొసని వెతికింది. సిస్టర్ ముందుకి వంగింది. పట్టుకోవాలని డిగ్రీ చేయి చాచింది, చాచిన చేయి గాల్లోనే ఆపింది.

టేపు కొస ఒకచోట కాస్త లేచి ఉంది. అమ్మ కళ్లజోడులోంచి దాన్ని పరీక్షగా చూసింది. తర్వాత బొటనవేలితో ఆ కొసని చర్మానికేసి నొక్కి అతికించింది.

"ఇది నిన్న వేసిందేగా," అంది. "దీనికింకా చాలా రోజులుంది."

డిగ్రీ అమ్మ ముఖంలోకి చూసింది. తికమకో, వేళాకోళమో మాస్కు అడ్డంగా ఉండి తెలియలేదు. మాస్కు అంచు దగ్గర బుగ్గ మీద మాత్రం చిన్న ముడత పడింది. చిన్నప్పటినుంచి ఆ ముడత ఆమెకి తెలుసు.

ఆమె పెన్ను మూత పెట్టి, కాగితం సిస్టర్‌కి తిరిగి ఇచ్చింది.

"కుర్చీ ఉంటే ఇప్పించండి సిస్టర్," అంది.

కుర్చీ వచ్చింది. దాన్ని మంచానికి ఆనించి వేసుకుని, కళ్లల్లో వత్తులు వేసుకుని అమ్మ చేతులనే చూస్తూ కూర్చుంది.

"ఏమే డిగ్రీ," అంది అమ్మ కళ్లు మూసుకుని. "మిగతా వరసంతా పిన్నిని విప్పెయ్యమను. నేనేమీ అననులే."